పన్నెండో మేకు

ఆ చలికాలపు ముప్పై రోజుల్లో ఇరవై తొమ్మిది రోజులు నేను రోజుకు వంద సార్లకు తక్కువ కాకుండా నేలమీద పడ్డాను. ఆ ముప్పై రోజుల్లో ఒక్కరినంటే ఒక్కరిని కూడా పడవెయ్యలేదు. ఈ రెండు మాటలూ ముందే చెప్పడం న్యాయమనుకుంటున్నాను. జూడో నేర్చుకోబోయిన ఆడపిల్ల కథ అనగానే, చివరికి ఆమె ఎవరో బలశాలిని భుజం మీదుగా ఎత్తి కుదేస్తుందని చదివేవారు ఎదురుచూస్తారు. అటువంటిదేమీ జరగలేదు.

మాది ససెబో. రేవు కనిపించే మెట్ల వీధిలో మా ఇల్లు. మా నాన్నగారు ఒజాకి గెన్నొసుకె ఎముకలు కట్టే వైద్యుడు, జూడో గురువు. ముందు గదిలో వైద్యం, వెనక ఇరవై నాలుగు చాపలు పరిచిన సాధనశాల. ఆయన ఒక చేత్తో విరిచి ఇంకో చేత్తో అతుకుతారని ఊళ్లో వేళాకోళంగా అనుకునేవారు. యుద్ధం తర్వాత మూతపడిన ఆ సాధనశాల తలుపులు తిరిగి తెరిచి అప్పటికి రెండేళ్లు.

ఏటా జనవరిలో చలి ముదిరే ముప్పై రోజులూ తెల్లవారుజామున ఐదింటికి ప్రత్యేక సాధన ఉండేది. కిటికీలు తెరిచే ఉంచాలి. చాపలు మంచుపలకల్లా ఉండేవి. ఆ ఏడు మొదటి పొద్దున వచ్చిన పంతొమ్మిదిమంది కుర్రాళ్లను వరుసగా కూర్చోబెట్టి నాన్నగారు తూర్పు గోడ చూపించారు. దాని మీద వరుసలుగా జానెడు పొడవున్న చెక్కపలకలు, ఒక్కోదాని మీద నల్లసిరాతో ఒక్కో పేరు, ఒక్కో మేకుకు వేలాడుతూ ఉండేవి.

"ముప్పై పొద్దులు. జ్వరమొచ్చినా, మంచు పడినా, ఒక్కటీ తప్పకుండా ఈ చాప మీద పడ్డవాళ్ల పేరు ఆ గోడ మీద ఉంటుంది. గొప్పింటి బిడ్డా, రేవు కూలీ బిడ్డా అని నేను చూడను. చాపకు అందరి వీపూ ఒకటే" అన్నారు.

నేను వరుస చివర కూర్చుని ఉన్నాను. పదహారేళ్లు. ఆ మాట విన్నాను, నమ్మాను.

నేను అక్కడ ఎందుకున్నానో చెప్పాలి. మా అన్నయ్య షున్‌కిచికి పద్దెనిమిదేళ్లు. ముప్పయ్యో రోజున నాగసాకి నుంచి కుసాబా గురువుగారు వచ్చి అతన్ని నల్ల బెల్టుకు పరీక్షిస్తారు. గెలిస్తే సాధనశాలకు వారసుడు అతనేనని నాన్నగారు అందరి ఎదుటా ప్రకటిస్తారు. పరీక్షలో, ముందే నిర్ణయించిన వరుసలో తొమ్మిది విసుర్లు చూపాలి. విసిరేవాడొకడు, పడేవాడొకడు. అన్నయ్యకు జోడీగా పడవలసిన హమాదా అనే కుర్రవాడు జనవరి రెండున సైకిలు మీంచి జారి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. నాన్నగారు అతనికి కట్టు కట్టి, చేతులు కడుక్కుంటూ నా వైపు తిరిగి, "ఇసోయె, నువ్వు పడు" అన్నారు. పడటం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు నడక కన్నా ముందు అదే వస్తుంది.

అలా రోజూ పడ్డాను. అన్నయ్య నన్ను భుజం మీదుగా, తుంటి మీదుగా, మెడ మీదుగా విసిరేవాడు. కాలితో పాదాలు తుడిచేసి పడేసేవాడు. నేను అరచేత్తో చాపను చరిచి లేచి, అంగీ సరిచేసుకుని, మళ్లీ ఎదురుగా నిలబడేదాన్ని.

నాన్నగారు కుర్రాళ్లకు ఒక నియమం నూరిపోసేవారు. "పడెయ్యకముందే పడేవాడు దొంగ. ఎదుటివాడి విసురు కుదిరిందని వాడితో అబద్ధం చెబుతున్నాడు. మీ తూకం నిజంగా తప్పేదాకా నిలబడండి." ఇది చెప్పిన నోటితోనే నా దగ్గరకొచ్చి, "ఇంకొంచెం తేలిగ్గా ఎగురు. చూడ్డానికి అందంగా ఉండాలి" అనేవారు.

ఆ తొమ్మిదింటిలో మొదటి విసురు అన్నిటికన్నా వింతైనది. విసిరేవాడు నా అంగీ పట్టుకుని మూడడుగులు వెనక్కి నడుస్తాడు, నేను అతని వెంట నడుస్తాను. మూడో అడుగులో అతను ఎడమ మోకాలి మీద కూర్చుని, గంట తాడు లాగినట్టు కిందకి లాగుతాడు. తుంటి అడ్డుపెట్టడు, కాలు వెయ్యడు. ఉన్నది ఆ లాగుడొక్కటే. నా బరువంతా కాలివేళ్ల మీదకు వచ్చిన క్షణంలో అది అందితే మనిషి గాలిలో తిరిగిపోతుంది. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే ఏమీ జరగదు.

అన్నయ్య ఎప్పుడూ ఒక్క రెప్పపాటు ఆలస్యం.

పదో రోజుకల్లా ఆ సంగతి నా పాదాలకు తెలిసిపోయింది. అతని ఆలస్యాన్ని నా ఎగురుడు కప్పేసేది. చూసినవాళ్లు, "ఒజాకిగారబ్బాయి చెయ్యి చూశావా, గాలిలో తిప్పేశాడు!" అనేవారు. తిరిగింది నేను. తిప్పుకున్నదీ నేనే.

అన్నయ్య చెడ్డవాడని అనుకోవద్దు. సాధన అయ్యాక అంగీ చేతిలో దాచి తెచ్చిన కాల్చిన చిలగడదుంపను విరిచి పెద్దముక్క నాకిచ్చేవాడు.

"నువ్వు పడుతుంటే నేను నిజంగానే గొప్పవాణ్ణేమో అనిపిస్తుందే" అన్నాడొకసారి.

"నిజంగా అయ్యేలా చూడు మరి. ఆలస్యంగా లాగుతున్నావు."

"తెలుసు. మూడో అడుగు దగ్గర ఏదో ఓడ గుర్తొస్తుంది." అతని నోటుపుస్తకాల నిండా ఓడల బొమ్మలే.

నేను కాన్వెంటు బడిలో చదివేదాన్ని. పన్నెండో రోజున కుట్టుపని తరగతిలో చెయ్యి చాపితే అంగీ పైకి జరిగింది. మదర్ ఆగ్నెస్ కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు మదర్. పడ్డాను."

"ఎక్కడ?"

"మా ఇంట్లో, చాప మీద."

"ఎన్నిసార్లు పడితే ఇంత కములుతుంది?"

"ఇవాళైతే నూట పది."

ఆమె చేతిలోని సూదిని దిండుకు గుచ్చారు. నేను మొత్తం చెప్పాను. ఆమె ముఖంలో జాలి వస్తుందేమోనని చూశాను, రాలేదు.

"పడటం నేర్పారు. పడెయ్యడం?"

"నాకు నేర్పరు మదర్."

"అడిగావా?"

"లేదు."

"అడగకుండానే అన్యాయమని ఏడవడం సోమరితనం. ముందు అడుగు. కాదన్నాక ఏడుద్దువు గాని. కుట్టు వంకరపోయింది, విప్పు."

ఆ సాయంత్రం వైద్యపు గదిలో నాన్నగారు పట్టు మందు నూరుతుండగా వెళ్లి అడిగాను.

"నాన్నగారూ, నాకు విసరడం కూడా నేర్పండి."

"దేనికి?"

"నేర్చుకోవాలని ఉంది."

"నీకు పడటం బాగా వచ్చు. అదెంతమందికి వస్తుందనుకున్నావు?"

"పడటం వచ్చాక పడెయ్యడం నేర్పుతామని మీరే అంటారు కదా."

"మగపిల్లలకు అంటాను." రోకలి ఆగలేదు. "వెళ్లు. అమ్మ ముల్లంగులు తరగాలంటోంది."

ముల్లంగులు తరిగాను. తర్వాత వంటింటి నడిమి స్తంభానికి అన్నయ్య పాత బెల్టు కట్టి, ఒంటరిగా మొదలుపెట్టాను. లాగడం, లోపలికి తిరగడం, నడుం వంచడం. ఎవరెవరు నన్ను ఎలా పడేశారో నా వీపుకు తెలుసు కాబట్టి, వీపును అడిగి చేతులకు చెబుదామనుకున్నాను. చేతులు వినలేదు. స్తంభం కదిలి అటక మీది ఊరగాయ జాడీ ఒకటి కిందపడింది.

"నువ్వు పడ్డది చాలక నా జాడీల్ని కూడా పడేస్తున్నావా!" అంది అమ్మ.

కట్టెల కొట్టంలో అన్నయ్యను బతిమాలి నిలబెట్టాను. తుంటి విసురు, అన్నిటికన్నా తేలికైనదట. నేను లాగాను, తిరిగాను, వంగాను. అతని బరువంతా బియ్యపు బస్తాలా నా వీపు మీద పరుచుకుంది. మేమిద్దరం గాలికి విరిగిన గొడుగులా వంగి ఉండిపోయాం.

"ఏమే, నన్ను ఎత్తుకుని బజారు చూపించడానికి తీసుకెళ్తావా?"

"నవ్వకు. తప్పెక్కడో చెప్పు."

"నడుం ఇంకా కిందకి దించాలేమో. లేకపోతే పైకేమో." పాపం, అతనికీ తెలియదు.

వారం రోజులు అదే తంతు. ఎనభై సార్లకు ఒక్కసారైనా అతని మడమ నేల విడవలేదు. తప్పెక్కడో చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరే ఉన్నారు, రోజూ నాకు ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారు, ఆయన నోరు విప్పరు. ఆ కోపంతో కట్టెల మీద కూర్చుని ఏడ్చాను. మదర్ ఆగ్నెస్ అనుమతి అప్పటికి వచ్చినట్టే కదా.

ఇక నాకు మిగిలింది గోడ ఒక్కటే. విసరడం నేర్పకపోతే పోనీ, పేరైనా ఇవ్వక తప్పదు. పద్దెనిమిదో రోజున మంచు మోకాలి లోతు పడింది, వెళ్లాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు రోజుల్లో జ్వరం, వెళ్లాను. కుర్రాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఒకడికి దగ్గు, ఒకడికి నిద్ర, ఒకడికి ప్రేమ. చివరికి అన్నయ్యతో కలిపి పదకొండుమంది మిగిలారు.

ఇరవై తొమ్మిదో రోజు బడినుంచి వచ్చేసరికి వసారాలో కొత్త పలకలు ఆరబెట్టి ఉన్నాయి. పక్కన చిత్రిక పట్టిన పొట్టు. చాలా చెక్కే మిగిలింది. పలకలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

"నాన్నగారూ, పదకొండే ఉన్నాయి."

"పదకొండుమందే మిగిలారు."

"నాతో పన్నెండు."

ఆయన కుంచె ఆపి నా వైపు చూశారు. ఆ ముఖంలో కోపం లేదు, ఎగతాళి లేదు, నిజమైన ఆశ్చర్యం ఉంది. నన్ను లెక్కలోంచి తీసెయ్యడం కాదు, నేను లెక్కలోకి వస్తాననే ఆలోచనే ఆయనకు తట్టలేదు. కాదనిపించుకోవడం అంత బాధ పెట్టదు.

"నువ్వు మీ అన్నకు సాయంగా వచ్చావు. సాధనకు రాలేదు."

"చాప మీద పడ్డవాళ్లు అన్నారు. చాపకు అందరి వీపూ ఒకటే అన్నారు."

"ఆడపిల్ల పేరు గోడకు తగిలిస్తే నలుగురూ ఏమంటారు? నీకు సంబంధాలు చూడొద్దూ?" మళ్లీ కుంచె సిరాలో ముంచారు. "రేపు అందంగా పడు. అయ్యాక అందరికీ తీపి జావ వడ్డించాలి. అమ్మకు సాయం చెయ్యి."

అమ్మ వంటింట్లో జావ కోసం ఎర్ర గింజలు నానబోస్తోంది. నేనేమీ చెప్పకుండానే, "విన్నాను" అంది.

"నువ్వైనా చెప్పమ్మా ఆయనకు."

"నా పేరు ఈ ఇంట్లో ఏ గోడ మీద ఉందే? వెతికి చూడు."

వెతకనక్కర్లేదు. పక్కింటామె కూడా అన్నేళ్లుగా అమ్మను 'ఒజాకిగారి భార్య' అనే పిలిచేది.

ముప్పయ్యో పొద్దున కుసాబా గురువుగారు వచ్చారు. పొట్టి మనిషి, నలిగి ముడుచుకుపోయిన చెవులు, ఎవరినీ ప్రత్యేకంగా చూడని కళ్లు. పదిమంది కుర్రాళ్లూ గోడ వెంట మోకాళ్ల మీద కూర్చున్నారు. కొందరి తండ్రులు కూడా వచ్చారు. అన్నయ్యా నేనూ ఎదురెదురుగా నిలబడి వంగి నమస్కరించుకున్నాం. అతని పెదాలు తెల్లబడి ఉన్నాయి.

అతను నా అంగీ పట్టుకున్నాడు. మొదటి అడుగు. రెండో అడుగు. మూడో అడుగులో మోకాలి మీద కూర్చుని లాగాడు.

ఆలస్యంగా లాగాడు.

నేను నిలబడ్డాను.

అంతే. అడ్డుకోలేదు, వెనక్కి లాగలేదు, కాలు బిగించలేదు. ముప్పై రోజులుగా కుర్రాళ్లకు చెప్పినట్టు, తూకం తప్పేదాకా నిలబడ్డాను. అది తప్పలేదు. అన్నయ్య అందరి ఎదుటా నా ముందు మోకాలి మీద కూర్చుని, నా అంగీ చెయ్యి పట్టుకుని, నా ముఖంలోకి చూస్తున్నాడు. ఏదో అడుగుతున్నట్టు ఉన్నాడు.

"మళ్లీ" అన్నారు కుసాబా గురువుగారు.

మళ్లీ మూడడుగులు. ఈసారి అతను భయంతో బలంకొద్దీ గుంజాడు. నా బొటనవేలు అతని పట్టులో మడతపడి కలుక్కుమంది. నేను నిలబడే ఉన్నాను.

కుర్రాళ్లలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఈ అమ్మాయి ఎవరు?" అని అడిగారాయన.

"మా అమ్మాయి. దీనికి జూడో రాదు" అన్నారు నాన్నగారు.

"అలాగా." ఆయన నా వైపు తిరిగారు. "ఎందుకు పడలేదమ్మా?"

"అతను పడెయ్యలేదండీ."

ఆయన కాసేపు నా పాదాల వైపు చూశారు. తర్వాత అన్నయ్యతో, "వచ్చే ఏడు చూద్దాం బాబూ" అని లేచారు. తీపి జావ రుచి బాగుందని అమ్మతో చెప్పమని నాకే చెప్పి వెళ్లారు. ఎందుకంటే ఆ జావ వడ్డించింది నేనే, వాచిన బొటనవేలితో. పదకొండు పలకలూ గోడకు ఎక్కుతుంటే గిన్నెలు అందిస్తూ చూశాను. అన్నయ్య గిన్నె మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. జావలో వేసే బియ్యపు ముద్ద అందులో గట్టిపడింది.

మధ్యాహ్నం నాన్నగారు నన్ను వైద్యపు గదిలోకి పిలిచి చెయ్యి చాపమన్నారు. బొటనవేలిని అటూ ఇటూ నొక్కి చూసి, ఒక్క లాగు లాగి సరిచేశారు. కట్టు చుడుతూ ముఖం ఎత్తకుండా అడిగారు.

"మీ అన్న పరువు తీశావు. తెలుస్తోందా?"

"మీరు చెప్పిందే చేశాను. పడెయ్యకముందే పడేవాడు దొంగన్నారు."

"అది నీకు చెప్పలేదు."

"నేనూ అక్కడే ఉన్నాను నాన్నగారూ. వరుస చివర."

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత కట్టు కొస మడిచి ముడివేశారు. ఎప్పుడూ వేసేంత గట్టిగానే వేశారు.

"వాడు ఆలస్యమని ఎప్పుడు తెలిసింది?"

"పదో రోజున."

"నాకు మొన్నటేడే తెలుసు" అన్నారు.

మర్నాడు సాధన లేదు. అలవాటు చొప్పున ఐదింటికే లేచి, ఊడ్చి వద్దామని సాధనశాలకు వెళ్లాను. నాన్నగారు అప్పటికే అంగీ వేసుకుని చాప మధ్యన నిలబడి ఉన్నారు. తూర్పు గోడ మీద కొత్త పలకల వరుస చివర, షున్‌కిచి పేరు పక్కన, పన్నెండో మేకు కొట్టి ఉంది. ఖాళీ మేకు. నిన్న సాయంత్రం అక్కడ అది లేదు.

నేను దాని వైపు చూడటం ఆయన చూశారు. ఆ సంగతి ఎత్తలేదు.

"చీపురు పక్కన పెట్టు. పట్టుకో" అని తన అంగీ చెయ్యి అందించారు. కట్టున్న చేత్తోనే పట్టుకున్నాను. "లాగు. ఊహూ. చేత్తో లాగుతున్నావు, అందుకే కట్టెల కొట్టంలో వాడు కదల్లేదు. పొట్టతో లాగు. నువ్వు ముందు కదులు, చెయ్యి తర్వాత వస్తుంది."

ఆయన కొట్టంలోకి ఎప్పుడు తొంగిచూశారో నాకు తెలియదు. తొంగిచూసి కూడా అన్ని రోజులు ఎలా ఊరుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ పొద్దున ఆయన్ని కదిలించలేకపోయాను. ఆ తర్వాత చాలా పొద్దులు కూడా.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. ఏప్రిల్‌లో నాగసాకిలో ఓడల నమూనాలు గీసే పని దొరికి వెళ్లిపోయాడు. మళ్లీ ఏ పరీక్షకూ రాలేదు. బస్సు దగ్గర పెట్టె అందించబోతే నా చేతిలోంచి తీసుకోకుండా, "నాకు ఓడలే కావాలని నాన్నకు నువ్వొక మాట చెప్పి ఉంటే సరిపోయేది కదే. అందరి ముందూ మోకాలి మీద కూర్చోబెట్టాలా?" అన్నాడు.

నాకు అన్యాయం చేసింది ఒకరు, నా న్యాయం వెళ్లి తగిలింది మరొకరికి. చిలగడదుంపలో పెద్దముక్క నాకిచ్చినవాడికి. నేను చేసింది సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ గట్టిపడిన బియ్యపు ముద్ద కూడా అప్పుడూ గుర్తుంది, ఇప్పుడూ గుర్తుంది.

నాన్నగారు నాకు తొమ్మిదేళ్లు నేర్పారు. తూకం తప్పించడం, లోపలికి దూరడం, విసరడం. ఒక్కో విసురుకూ ఏడాది పట్టించారు. ఆ తొమ్మిదేళ్లలో తొమ్మిది సార్లు కొత్త పలకలు చెక్కారు, ప్రతిసారీ కొత్త మేకులు ఆ పన్నెండో మేకును దాటించి కొట్టారు. దాన్ని పీకలేదు, దానికేమీ తగిలించలేదు. ఒకసారి నేనే అడిగాను, "చెక్క లేదా నాన్నగారూ?" అని. "చూద్దాం" అన్నారు. చూడకుండానే పోయారు.

ఇప్పుడా సాధనశాల నాది. మూడు గోడలు నిండిపోయాయి, సగం పేర్లు ఆడపిల్లలవే. ముప్పై పొద్దులు పడ్డవాళ్ల పేరు ముప్పయ్యో పొద్దునే తగిలిస్తాను, సాయంత్రానికి ఆపను. పోయినేడు నా శిష్యురాళ్లు నాకు తెలియకుండా మంచి చెక్క తెచ్చి, చిత్రిక పట్టి, నా పేరు రాసి, ఆ మేకుకు తగిలించబోయారు. వద్దన్నాను. వాళ్లకు కోపం వచ్చింది.

"మీకు మీరే అన్యాయం చేసుకుంటున్నారండీ" అంది వాళ్లలో చిన్నది.

ఆ మేకుకు పేరు తగిలించవలసిన చెయ్యి ఒకటే ఉండేది. అది తగిలించకుండానే వెళ్లిపోయింది. దాని బదులు మరో చెయ్యి తగిలిస్తే, ఆయన మాట నిలబెట్టుకున్నారనే రేపటివాళ్లు అనుకుంటారు. పడెయ్యకముందే పడినట్టవుతుంది అది.

పలకను నా బట్టల పెట్టెలో దాచుకున్నాను. మేకు అలాగే ఉంది. తుప్పు పట్టకుండా ఏటా నూనె రాస్తాను.